వెయ్యో ఎపిసోడ్ పండుగలో ప్రేక్షకుడికి దక్కేదేమిటి?

ప్రశ్న: బ్రాడీపేట వాసి, గుంటూరు

మిత్రులందరికీ నమస్కారం. పది రోజులుగా మనసులో నలుగుతున్న ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. ఏళ్ళ తరబడి నడిచిన టీవీ కార్యక్రమాలు వెయ్యో ఎపిసోడ్ అనో, పాతికేళ్ళు నిండాయనో పండుగ చేసుకుంటున్నప్పుడు, అన్నాళ్ళూ వాటిని వదలకుండా చూసిన ప్రేక్షకుడు ఏమి ఆశించడం న్యాయం, ఏమి ఆశించడం అత్యాశ అన్నదే నా ప్రశ్న.

సందర్భం చెబుతాను. మా అమ్మకు 71 ఏళ్ళు. నాన్నగారు పోయిన తరువాత నా దగ్గరే ఉంటోంది. సాయంత్రం ఏడున్నరకు వచ్చే ఒక సీరియల్‌ను మొదటి రోజు నుంచి, అంటే మూడేళ్ళకు పైగా, ఎదురింటి పిన్నిగారితో కలిసి చూస్తోంది. పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు కనుక ఆవిడ కోసం చేతుల కుర్చీని ఏడుంపావుకే టీవీకి ఎదురుగా జరిపి ఉంచుతుంది. ఊరికి వెళ్ళవలసి వస్తే ఆ వారం కథ ఏమైందో తిరిగి వచ్చాక పిన్నిగారి నోట వినవలసిందే తప్ప నేను చెబితే అమ్మకు తృప్తి ఉండదు.

ఆ సీరియల్‌కు వెయ్యి ఎపిసోడ్లు నిండాయని, ఆదివారం సాయంత్రం మూడు గంటల మహోత్సవం ప్రసారం చేస్తామని రెండు వారాల ముందు నుంచే ప్రకటించారు. అమ్మ ఆ రోజు పులిహోర కలిపి, సెనగ గుగ్గిళ్ళు తాలింపు వేసి, మా లైనులో మరో ఇద్దరిని కూడా పిలిచింది. ప్రసారమైనది ఏమిటంటే, ఒక పెద్ద వేదిక, దాని మీద సినిమా పాటలకు నృత్యాలు, త్వరలో విడుదల కాబోతున్న ఒక సినిమా బృందంతో నలభై నిమిషాల ముచ్చట్లు, సీరియల్‌లోని భార్యాభర్తల జంటలకు బుడగలు పగలగొట్టే ఆటలు, చివర కేకు కోయడం. ఆ సీరియల్‌లో నాయనమ్మ పాత్ర వేసిన పెద్దావిడ రెండో ఏట కన్నుమూశారు. కథలో ఆ పాత్ర ఫొటోకు దండ వేసి ముందుకు సాగారు. ఆ మూడు గంటల్లో ఆవిడ పేరు గాని, ఆవిడ నటించిన ఒక్క సన్నివేశం గాని రాలేదు. అందరూ లేచి వెళ్ళాక గిన్నెలో సగం మిగిలిపోయిన పులిహోరకు మూత పెడుతూ అమ్మ, "ఆ నాయనమ్మ మాట ఒక్కరైనా ఎత్తలేదేమిట్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఛానెల్ పేరు, సీరియల్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకరిని నిందించడం నా ఉద్దేశం కాదు. మిగతా చోట్ల ఇలాంటి సందర్భాలను ఎలా జరుపుకుంటారు, మన దగ్గర ఇలాగే ఎందుకు జరుగుతోంది, మా అమ్మ ఆశించినది అంత పెద్ద కోరికా అన్నది తెలిసినవారు వివరంగా రాయాలని మనవి.

సమాధానం: సత్యనారాయణపురం పాఠకుడు, విజయవాడ

అమ్మగారి ప్రశ్న చదవగానే నాకు ఒక బ్రిటిష్ ధారావాహిక గుర్తుకు వచ్చింది. ఆవిడ అడిగిన దానికి అక్కడ 1983లోనే ఒక చక్కని జవాబు దొరికింది కనుక కాస్త వివరంగా రాస్తాను.

'డాక్టర్ హూ' అనే ఆ ధారావాహికను బీబీసీ 1963 నవంబరు 23న మొదలుపెట్టింది. ముందు రోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరగడంతో, ఆ కల్లోలంలో మొదటి భాగాన్ని చూడలేకపోయినవారి కోసం మరుసటి వారం రెండో భాగానికి ముందు దాన్ని మళ్ళీ ప్రసారం చేశారు. 'డాక్టర్' అనే ప్రధాన పాత్ర వేసే నటుడు మారినప్పుడల్లా ఆ పాత్రే రూపం మార్చుకుందని కథలో చెప్పుకొనే వీలు ఉండటం వల్ల, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, అది అరవై ఏళ్ళ పండుగ దాకా వచ్చింది. పదేళ్ళ సందర్భంలో వాళ్ళు వేదిక కట్టి నృత్యాలు పెట్టలేదు. అప్పటివరకు ఆ పాత్ర వేసిన ముగ్గురు నటులూ ఒకే కథలో కలుసుకునేలా ఒక కథ రాసుకున్నారు. మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ అప్పటికే తీవ్రంగా జబ్బుపడి నిలబడి నటించలేని స్థితిలో ఉన్నారు. అందువల్ల ఆయనను కూర్చోబెట్టి విడిగా చిత్రీకరించి, కథలో మిగిలిన ఇద్దరితో ఒక తెర మీద నుంచి మాట్లాడుతున్నట్టు చూపించారు. ఆయన 1975లో మరణించారు.

ఇరవయ్యో ఏడు వచ్చేసరికి అదే చిక్కు మరింత పెద్దదైంది. ఐదుగురు డాక్టర్లను కలపాలనుకున్నారు, మొదటి నటుడు లేరు, నాలుగో నటుడు టామ్ బేకర్ రానన్నారు. మొదటి పాత్రను రిచర్డ్ హర్న్‌డాల్ అనే మరో నటుడితో వేయించారు. అయినా ఆ ప్రత్యేక కథ పేర్లు పడకముందే, 1964 నాటి ఒక పాత భాగం నుంచి హార్ట్‌నెల్ వీడ్కోలు చెప్పే చిన్న తునకను నలుపు తెలుపుల్లో ఉన్నదాన్ని ఉన్నట్టే చూపించారు. ఒక నిమిషం కూడా పట్టని పని అది. ఆ పాత్ర మరొకరి చేతికి వెళ్ళవచ్చు గాని, దానికి ప్రాణం పోసినది ఈయన అని చూసేవాళ్ళకు దానితో తెలిసిపోయింది. మీ అమ్మగారు ఆశించినది సరిగ్గా ఇదే అని నాకు అనిపిస్తోంది. టామ్ బేకర్ విషయంలో కూడా, 1979లో సమ్మె వల్ల మధ్యలో ఆగిపోయిన ఒక కథ తాలూకు దృశ్యాలు వాళ్ళ దగ్గర ఉంటే వాటినే వాడుకుని ఆ లోటును పూడ్చారు.

యాభై ఏళ్ళ పండుగను నేను స్వయంగా చూశాను. 2013 నవంబరులో మా అబ్బాయి దగ్గర ఇంగ్లండులో ఉన్నాను. ఆ ప్రత్యేక భాగాన్ని 94 దేశాల్లో ఒకే సమయానికి ప్రసారం చేశారు, దానికి గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. దాన్ని సినిమా హాళ్ళలో కూడా వేయడం వల్ల మేము హాలుకే వెళ్ళాము. మా ముందు వరుసలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు, వాడి తాతగారు ఇద్దరూ టామ్ బేకర్ వేసుకునే రంగురంగుల పొడవాటి మఫ్లర్లు చుట్టుకుని కూర్చున్నారు. ఇరవయ్యో ఏట రానన్న ఆ టామ్ బేకర్, 79 ఏళ్ళ వయసులో, కథ చివర ఒక ప్రదర్శనశాల సంరక్షకుడిగా కొద్ది నిమిషాలు కనిపించారు. ఆయన గొంతు వినిపించగానే ఆ తాతగారు మఫ్లర్ కొసను నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయారు. మనవడు తాతను చూస్తున్నాడు గాని తెరను చూడటం లేదు.

అన్ని ఆశలూ అక్కడా తీరలేదు. తొమ్మిదో డాక్టరుగా వేసిన క్రిస్టొఫర్ ఎక్లెస్టన్ ఆ పండుగకు రాలేదు. ఆయన రానందువల్ల జాన్ హర్ట్ అనే పెద్ద నటుడి కోసం అంతవరకు ఎవరికీ తెలియని ఒక డాక్టరు పాత్రను కొత్తగా పుట్టించారు. అభిమానులు కొంత నొచ్చుకున్నా, దొరకని దాని చోట మరొక విలువైనదాన్ని పెట్టినందుకు సంతోషించారు.

మరో ఉదాహరణ 'కొరొనేషన్ స్ట్రీట్' అనే బ్రిటిష్ సీరియల్. అది 1960 డిసెంబరు 9న మొదలైంది. విలియం రోచ్ అనే నటుడు మొదటి భాగం నుంచి అదే పాత్రలో ఉన్నారు. యాభై ఏళ్ళు నిండినప్పుడు ఆ వీధి మీది వంతెన నుంచి ట్రాము దొర్లి పడినట్టు కథ అల్లి, సరిగ్గా 2010 డిసెంబరు 9న గంట నిడివి గల భాగాన్ని ప్రత్యక్ష ప్రసారంగా నటించారు. తడబడితే సరిదిద్దుకునే వీలు లేదు. నటులు తమ పండుగ రోజున ప్రేక్షకులకు తమ పనినే కానుకగా ఇచ్చారన్నమాట. సీరియల్ పండుగ సీరియల్ లోపలే జరగాలన్నది నా అభిప్రాయం.

సమాధానం: కృష్ణలంక నుంచి, విజయవాడ

నేను హైదరాబాదులో పదకొండేళ్ళు సీరియళ్ళకు సహాయ దర్శకుడిగా పనిచేసి, రెండేళ్ళ క్రితం సొంత ఊరికి వచ్చేశాను. పైన పెద్దలు రాసినది చదివి ఆనందించాను. మన దగ్గర అలా ఎందుకు జరగదన్నది లోపలి నుంచి చెప్పగలను.

ముందుగా లెక్క చూడండి. దినసరి సీరియల్ వారానికి ఆరు రోజులు వస్తే ఏడాదికి 300కు పైగా ఎపిసోడ్లు అవుతాయి. వెయ్యి చేరడానికి మూడేళ్ళు దాటితే చాలు. అదే వారానికి ఒక్కసారి వచ్చే కార్యక్రమం వెయ్యి చేరాలంటే 19 ఏళ్ళు పైన పడుతుంది. దూరదర్శన్‌లో వారం వారం వచ్చే 13 భాగాల ధారావాహికలు చూసిన తరానికి వెయ్యి అన్న మాటే వింత. ఇప్పుడు 'కార్తీకదీపం' 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి వరకు నడిచి 1569 ఎపిసోడ్లు పూర్తి చేసింది. ఈటీవీలో 'అభిషేకం' 2008లో మొదలై 2022లో ముగిసేసరికి 4000 ఎపిసోడ్లు. బ్రిటిష్ వాళ్ళు ఏళ్ళను లెక్కపెడితే మనం ఎపిసోడ్లను లెక్కపెడతాం. అందువల్ల వెయ్యి నిండేసరికి యూనిట్‌లో ఎవరికీ వెనక్కి తిరిగి చూసుకునే వయసు వచ్చినట్టు ఉండదు. మరుసటి రోజు ప్రసారానికి ఎపిసోడ్ చేతిలో ఉందా లేదా అన్న బెంగే ఉంటుంది.

రెండో సంగతి, ఆదివారం మహోత్సవాన్ని సీరియల్ తీసేవాళ్ళు తీయరు. చాలావరకు అది ఛానెల్ ఈవెంట్ల విభాగం పని. సీరియల్ దర్శకుడికి వచ్చే కబురు ఏమిటంటే, ఫలానా రెండు రోజులు ఆర్టిస్టుల కాల్‌షీట్లు ఈవెంటుకు ఇచ్చేయాలి, ఆ లోటు ముందే పూడ్చుకోవాలి అని. ఆ మూడు గంటలకు వేరే స్పాన్సర్లు వస్తారు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని నియమం, అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారానికి. కాని వేదిక మీదికి అతిథులుగా వచ్చిన సినిమా బృందం ముచ్చట్లను కార్యక్రమంలో భాగంగానే చూస్తారు. ఆ నలభై నిమిషాలు ఎందుకు వచ్చాయో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. తరువాత గురువారం వచ్చే రేటింగులో ఆ ఆదివారం అంకె ఎంత అన్నదే అందరూ చూస్తారు. పోయిన నాయనమ్మను తలుచుకున్న రెండు నిమిషాలకు విడిగా అంకె ఉండదు.

ఇక పాత సన్నివేశాల సంగతి. వినడానికి తేలికే గాని, ఎనిమిది వందల ఎపిసోడ్ల వెనక ఉన్న ఒక మంచి సన్నివేశాన్ని వెతికి తీయాలంటే దాన్ని గుర్తు పెట్టుకున్న మనిషి ఒకరు ఉండాలి. మూడేళ్ళలో ఎడిటర్లు మారతారు, సహాయ దర్శకులు మారతారు, కొన్నిసార్లు మాటల రచయితే మారిపోతారు. నేను పనిచేసిన ఒక సీరియల్‌లో ఐదు వందల ఎపిసోడ్ల సందర్భానికి మొదటి ఎపిసోడ్‌లోని పెళ్ళి పీటల సన్నివేశం కావాలన్నారు. అది ఏ హార్డ్ డిస్కులో ఉందో ఎవరికీ తెలియలేదు. చివరికి మా మేకప్ మనిషి వాళ్ళ అక్క ఫోనులో దాచుకున్న ముక్కను చూసి, ఏ ఎపిసోడ్‌లో ఎన్నో నిమిషమో తెలుసుకుని వెతికాము. ఆ రాత్రి నాకు అర్థమైనది ఏమిటంటే, మా సీరియల్‌కు చరిత్ర రాసిపెట్టినది మేము కాదు, మా మేకప్ మనిషి వాళ్ళ అక్కే.

అలాగని మన దేశంలో సొంత పద్ధతిలో గొప్ప పనులు జరగలేదని కాదు. హిందీ 'సీఐడీ' బృందం 2004 నవంబరులో 111 నిమిషాల ఎపిసోడ్‌ను ఎక్కడా కత్తిరింపు లేకుండా ఒకే షాట్‌లో తీసి ప్రసారం చేసింది. దానికి రికార్డు కూడా దక్కింది. అది వార్షికోత్సవం కాకపోవచ్చు గాని, మేము ఈ పని ఎంత బాగా చేయగలమో చూడండి అని ప్రేక్షకుడికి చూపించడానికి అంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు. అదే నటులు, అదే కెమెరా, కాకపోతే వారం పాటు రిహార్సల్స్ చేయడానికి సమయం ఇవ్వాలి. మన దినసరి సీరియల్‌కు లేనిది ఆ సమయమే.

సమాధానం: భవానీపురం గృహిణి, విజయవాడ

అందరూ వేదిక మీది సంబరాన్ని తప్పుపడుతున్నారు కనుక నా మాట కూడా వినండి. మా అత్తగారికి అలాంటి కార్యక్రమాలంటే ఎంతో ఇష్టం. ఒక సీరియల్‌లో కోడలిని రాచిరంపాన పెట్టే ఆడపడుచు పాత్ర వేసిన అమ్మాయి, అటువంటి ఒక ఉత్సవంలో తన చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి, పాత్ర కోసం తాను కళ్ళు ఉరిమి చూసినప్పుడల్లా సెట్టు మీద తోటి నటి నవ్వు ఆపుకోలేకపోయేదని చెప్పింది. ఆ అమ్మాయి మనసారా నవ్వడం అత్తగారు చూడటం అదే మొదటిసారి. "అయ్యో, ఎంత కళగా ఉందో పిల్ల" అన్నారు. మరునాటి నుంచి ఆ పాత్రను తిట్టడం మానలేదు గాని, తిట్టాక "పాపం, దాని పని అది చేస్తోంది" అని కలపడం మొదలుపెట్టారు. ఈ ముచ్చట సీరియల్ లోపల దొరకదు.

అందువల్ల వేదికే తప్పు అనడానికి నాకు మనసొప్పదు. దసరాకు మన ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి రోజుకొక అలంకారం జరుగుతుంది, కింద అంగళ్ళూ ఉంటాయి. పిల్లలకు అంగళ్ళు కావాలి, పెద్దలకు అలంకారం కావాలి, చాలామందికి రెండూ కావాలి. మూలా నక్షత్రం రోజున సరస్వతీ అలంకారం మానేసి అంగళ్ళు మాత్రం తెరిస్తే ఎవరూ ఒప్పుకోరు కదా. బ్రాడీపేట అమ్మగారి విషయంలో జరిగినది అదే. అంగళ్ళు పెట్టినందుకు కాదు, అలంకారం లేనందుకు ఆవిడ నొచ్చుకున్నారు.

అభిమానుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. 'తారక్ మెహతా కా ఉల్టా చష్మా' 2008 జులైలో మొదలైంది. అందులో దయ పాత్ర వేసిన దిశా వకానీ 2017లో ప్రసూతి సెలవు మీద వెళ్ళి మళ్ళీ రాలేదు. ఏళ్ళ తరబడి ఆ పాత్ర కోసం మరొకరిని తీసుకోలేదు. ఆవిడ వచ్చేస్తోందన్నట్టు కథలో ఊరించి రాకపోయినప్పుడల్లా ప్రేక్షకులు సామాజిక మాధ్యమాల్లో మండిపడ్డారు. ఊరించడం తప్పే. కాని ఒక తల్లి తన బిడ్డల కోసం ఇంట్లో ఉండిపోవాలనుకుంటే, ప్రతి వార్షికోత్సవానికీ ఆవిడను రమ్మని నిలదీయడం కూడా నాకు సబబుగా తోచదు. పోయినవారిని తలుచుకోవాలని కోరడం వేరు, రానన్నవారిని లాక్కురావాలని కోరడం వేరు.

వచ్చినప్పుడు ఎంత సంతోషం ఉంటుందో నాకూ తెలుసు. 'క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ' 2000 జులై 3న మొదలై 2008లో ముగిసింది. పాతికేళ్ళు నిండిన 2025 జులైలో స్మృతీ ఇరానీ, అమర్ ఉపాధ్యాయ్ అవే పాత్రల్లో మళ్ళీ వచ్చారు. మన 'కార్తీకదీపం' కూడా ముగిసిన ఏడాదికి పైగా గడిచాక, 2024 మార్చిలో, ప్రేమీ విశ్వనాథ్, నిరుపమ్ జంటతోనే కొత్త కథగా మొదలైంది. కథ కొత్తదైనా మనుషులు వాళ్ళే కావడం అత్తగారికి చాలింది.

సమాధానం: సంగీత విద్యార్థిని, గాంధీనగర్, విజయవాడ

సీరియళ్ళ మధ్య ఒక పాటల కార్యక్రమాన్ని ప్రస్తావించడానికి అనుమతించండి. 'పాడుతా తీయగా' ఈటీవీలో 1996లో మొదలైంది. ఉష, గోపికా పూర్ణిమ వంటి గాయనులు ఆ వేదిక మీద మనకు పరిచయమైనవారే. నేను అప్పటికి పుట్టలేదు. మా గురువుగారు తరగతిలో ఒక పాట నేర్పే ముందు, దాన్ని రాసినది ఎవరు, స్వరపరచినది ఎవరు, ఏ రాగం ఛాయలో ఉంది అని అడిగి, చెప్పలేకపోతే పాట మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ఆ అలవాటు ఆయనకు బాలసుబ్రహ్మణ్యంగారిని చూసి వచ్చినదని తరువాత తెలిసింది.

బాలుగారు 2020 సెప్టెంబరు 25న మరణించారు. ఆ కార్యక్రమానికి అంతకు మించిన కష్టం మరొకటి ఉండదు. ఎందుకంటే అక్కడ పోయినది ఒక పాత్రధారి కాదు, కార్యక్రమపు గొంతే. తరువాత వారి అబ్బాయి చరణ్‌గారు ఆ బాధ్యత తీసుకున్నారు. తొలి రోజుల్లో నాకు చాలా భయం వేసింది. ఏదైనా పొరపాటు జరిగితే బాధపడవలసి వస్తుందని మొదటి భాగం టీవీలో చూడకుండా, మరునాడు ఫోనులో, నచ్చకపోతే ఆపేయవచ్చన్న ధైర్యంతో చూశాను. ఆపలేదు. పోటీ పోటీగానే ఉంది, పాట పాటగానే ఉంది. ప్రతి భాగం చివరా "సర్వేజనా సుజనోభవంతు, సర్వే సుజనా సుఖినోభవంతు" అని బాలుగారు చెప్పే మాటకు అలవాటుపడ్డ చెవులు ఇప్పటికీ ఆ మాట కోసం ఎదురు చూస్తాయి. ఒక కార్యక్రమం తన పెద్దను తలుచుకోవడానికి ప్రత్యేకంగా ఒక సాయంత్రం కేటాయించనక్కరలేదని, ఆయన పెట్టిన పద్ధతిని నిలబెడితే ప్రతి వారమూ తలుచుకున్నట్టే అవుతుందని నాకు దాన్ని చూశాకే తెలిసింది. బ్రాడీపేట అమ్మగారి నాయనమ్మ విషయంలో ఆ వీలు లేదు కనుక, పైన సత్యనారాయణపురం పెద్దలు రాసిన ఒక నిమిషం తునకే సరైన మార్గం.

కృష్ణలంకవారు మేకప్ మనిషి అక్కగారి ఫోను గురించి రాసినది చదివి మా తాతగారిని తలుచుకున్నాను. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. తాతగారికి ఆదివారం మధ్యాహ్నం రేడియో నాటకం వినడం పూజలాంటిది. టేపు రికార్డరును రేడియోకు ఆనించి పెట్టి, ఇంట్లో ఎవరూ గిన్నె కూడా కదపకూడదని ఆజ్ఞాపించి నాటకాలు రికార్డు చేసేవారు. ఒక నాటకం మధ్యలో మా అమ్మమ్మ దగ్గు ఇప్పటికీ వినిపిస్తుంది. 2023లో ఆకాశవాణి విజయవాడకు 75 ఏళ్ళు నిండినప్పుడు మేమందరం కూర్చుని ఆ క్యాసెట్టే వేసుకున్నాము. నాటకం కన్నా ఆ దగ్గు దగ్గరే అమ్మ రెండుసార్లు వెనక్కి తిప్పింది.

సమాధానం: సత్యనారాయణపురం పాఠకుడు, విజయవాడ

ఈ అమ్మాయి రాసిన క్యాసెట్టు మాట మీద ఒక చిన్న చేర్పు. 1960లు, 70లలో బీబీసీ పాత టేపులను చెరిపేయడం వల్ల 'డాక్టర్ హూ' తొలి నాళ్ళ భాగాలు దాదాపు వంద కనబడకుండా పోయాయి. కాని వాటిలో ప్రతి ఒక్కదాని శబ్దం మాత్రం నేటికీ ఉంది. కారణం, మీ తాతగారిలాగే ఆ రోజుల్లో కొందరు పిల్లలు టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకుని కూర్చున్నారు. తరువాతి కాలంలో ఆ శబ్దాలకు బొమ్మలు గీసి జతచేసి కొన్ని భాగాలను మళ్ళీ ప్రేక్షకులకు అందించారు. కృష్ణలంకవారు చెప్పినట్టు నిర్మాతల దగ్గర సమయం లేకపోతే, దాచుకున్న ప్రేక్షకులను అడగడానికి ఒక ప్రకటన చాలు. మా దగ్గర ఈ ముక్క ఉంది, మీ దగ్గర ఏముంది అని అడిగితే మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళు తలుపులు తీస్తాయో!

ప్రశ్న వేసిన బ్రాడీపేట వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ నిన్న రాత్రి అమ్మకు చదివి వినిపించాను. పిన్నిగారు కూడా ఉన్నారు. హార్ట్‌నెల్ అన్న పేరు అమ్మకు నోరు తిరగలేదు గాని, జబ్బుతో ఉన్న మనిషిని కూర్చోబెట్టి విడిగా చిత్రీకరించారన్న దగ్గర "మంచి పని చేశారు" అంది. అంగళ్ళు, అలంకారం మాట పిన్నిగారికి బాగా నచ్చింది. బుడగలు పగలగొట్టే ఆట తనకు బాగానే ఉందని, ఆ రోజు మా అమ్మ ముఖం చూసి పైకి చెప్పలేదని ఇప్పుడు ఒప్పుకున్నారు.

సంస్థవారి యాప్‌లో నాయనమ్మ సన్నివేశాల కోసం నేను వెతికాను. తొలి మూడు వందల ఎపిసోడ్లు అందులో లేవు. ఆ మాట చెప్పగానే అమ్మ నా చేత తెల్ల కాగితం తెప్పించుకుని, ఛానెల్‌కు తానే ఉత్తరం రాసింది. నేను దిద్దుతానన్నా ఇవ్వలేదు. కవరు అంటించే ముందు ఒక్కసారి చదవనిచ్చింది. వెయ్యో ఎపిసోడ్‌కు శుభాకాంక్షలు చెప్పి, అందరూ బాగా నటిస్తున్నారని రాసి, ఒకే ఒక్క కోరిక కోరింది. మొదటి ఏడాది ఎండాకాలంలో నాయనమ్మ ఆవకాయ జాడీకి వాసెన కడుతూ, అత్తవారింటికి వెళ్ళిపోతున్న మనవరాలితో మాట్లాడే ఘట్టం ఒకటి వచ్చిందట. ఆ సాయంత్రం మా లైనులో కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి నాయనమ్మ వాసెన ముడి బిగించి కళ్ళు తుడుచుకుంటోంది. అంతకు ముందు ఆవిడ మనవరాలితో ఏమి చెప్పిందో అమ్మకు గాని పిన్నిగారికి గాని ఈనాటికీ తెలియదు. ఎప్పుడైనా వీలున్నప్పుడు ఆ ముందు సగం ఒక్కసారి వేయవలసిందిగా కోరుతూ, కింద ఇద్దరూ సంతకాలు చేశారు. ఈ ఉదయం ఆ ఉత్తరాన్ని పోస్టు చేసి వచ్చాను.